కట్ట కింద బావి: చివ్వెంల నేలలో నీటి లెక్క

రెండేళ్లకోసారి మాఘమాసంలో సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలంలోని దురాజ్‌పల్లి గుట్టకు లక్షలమంది కదిలి వస్తారు. గజ్జెల లాగులు తొడిగి, భేరీలు మోగిస్తూ, గంపలు నెత్తిన పెట్టుకుని ‘ఓ లింగా’ అంటూ పెద్దగట్టు లింగమంతుల స్వామిని చేరుకుంటారు. తెలంగాణలో మేడారం తర్వాత ఇంత పెద్ద జాతర ఇదేనంటారు. గుట్ట పక్క నుంచే హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి పోతుంది. ఆ ఐదు రోజులూ వంటకూ స్నానానికీ తాగడానికీ, మేకపోతులకూ గొర్రెలకూ నీళ్లు కావాలి. చూస్తే చుట్టుపక్కల జీవనది లేదు. పడమట మూసీ, తూర్పున పాలేరు. రెండూ వానకు పొంగి ఎండకు చిక్కిపోయే ఏర్లే.

ఈ నేల మీద మనిషి నదిని నమ్ముకుని బతకలేదు. వానను కట్ట కట్టి ఆపాడు, నేలలోకి దించాడు, బావిలోంచి చేదుకున్నాడు. సూర్యాపేట, చివ్వెంల, మోతె ప్రాంతాల చరిత్రను రాజుల పేర్లతో చెప్పుకోవచ్చు, పోరాటాల తేదీలతోనూ చెప్పుకోవచ్చు. నేల కింది నీటి లెక్కతో చెప్పుకుంటే మాత్రం ఇవాళ పెరిగిపోతున్న పట్టణానికి నేరుగా పనికొచ్చే చరిత్ర బయటపడుతుంది.

ముందు నేల సంగతి. ఇది గ్రానైటు దేశం. పైన కొద్ది అడుగుల ఎర్ర చెలక మట్టి, దాని కింద మొరం, ఆ కింద పగుళ్లు బారిన రాయి, ఇంకా దిగితే గట్టి బండ. గోదావరి, కృష్ణా డెల్టాల్లో లాగా ఇక్కడ కింద మందపాటి ఇసుక పొరలు లేవు. నీరు నిలిచేది మొరంలోనూ రాతి పగుళ్లలోనూ మాత్రమే. నూరు లీటర్ల మొరం తడిసి నిండినా అందులోంచి బావిలోకి ఊరేది ఒకటి నుంచి మూడు లీటర్లు. ఏడాదిలో పడే వాన సుమారు 800 మిల్లీమీటర్లు; అందులోనూ ఇలాంటి రాతినేలలో కిందికి దిగేది నూటికి పదకొండు వంతులని భూగర్భ జలాల అంచనాకు దేశమంతా వాడే లెక్క చెబుతుంది. మిగిలింది వాగుల్లో పారిపోతుంది, ఆవిరైపోతుంది, చెట్టూచేమా తాగేస్తాయి.

దీనికి రెండు పర్యవసానాలు ఉన్నాయి. నిల్వ చిన్నది కాబట్టి ఒక్క ఏడాది వాన తప్పితే బావులు ఎండుతాయి. అదే కారణంగా ఒక్క మంచి వానాకాలం వస్తే తిరిగి నిండుతాయి కూడా. అంటే ఇక్కడి భూగర్భ జలం ఏ ఏటి ఖర్చు ఆ ఏటి రాబడికి సరిచూసుకోవాల్సిన సొమ్ము. ఈ సంగతి భూగర్భ శాస్త్రం పుట్టకముందే ఇక్కడివాళ్లకు అనుభవంలో ఉందనడానికి చెరువులే సాక్ష్యం.

సూర్యాపేటను ఆనుకుని ఉన్న పిల్లలమర్రిలో ఆ సాక్ష్యం రాతి మీదే ఉంది. కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్డి నాయకులు అక్కడ నామేశ్వర, ఎరకేశ్వర ఆలయాలు కట్టించారు. 1195, 1208 సంవత్సరాల నాటి శాసనాలు ఆ ఊళ్లో నిలిచి ఉన్నాయి. ఆ కాలపు నాయకులకు గుడి కట్టడం, చెరువు తవ్వించడం వేర్వేరు పనులుగా ఉండేవి కావు. రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టిస్తే దానికి తోడుగా రామప్ప చెరువు వెలిసింది. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల ఉదయసముద్రం ఉంది. కొడుకు, నిధి, అగ్రహారం, దేవాలయం, తోట, కావ్యం, తటాకం అంటూ సప్తసంతానాలను ఎంచుకున్న సమాజం అది. చెరువు తవ్వించినవాడికి కొడుకు లేకున్నా పేరు నిలుస్తుందని నమ్మింది.

ఆ నమ్మకం వెనక గట్టి సాంకేతిక జ్ఞానం ఉంది. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, రాకూడని ఆరు దోషాలనూ వరుసగా చెబుతుంది. విజయనగర మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన ఆ చెరువుకు వెయ్యిమంది కూలీలు రెండేళ్లపాటు పనిచేశారని కూడా అందులో ఉంది. నీరు తెలిసిన మనిషి, గట్టి నేల, కొండల మధ్య కట్ట, దగ్గరలో రాయి, కింద పారే సాగుభూమి ఉండాలన్నారు. కట్ట కారకూడదు, రాబడి నీటికి మించి సాగు ఉండకూడదు, సాగుకు మించి నీరు వృథా కాకూడదు అన్నారు. ఇవాళ ఇంజనీర్లు రాసుకునే ప్రాజెక్టు నివేదికకు అది పూర్వరూపం.

తెలంగాణ చెరువు ఒంటరిగా ఉండదు. పై ఊరి చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీరు కింది ఊరి చెరువుకు చేరుతుంది, అక్కడి నుంచి ఇంకో కుంటకు. ఇదే గొలుసుకట్టు. 46 వేల పైచిలుకు చెరువులూ కుంటలూ తెలంగాణ అంతటా ఇలాగే అల్లుకున్నాయి. చెరువు కింద ఆయకట్టు పారుతుందని అందరికీ తెలుసు. చెరువు చేసే రెండో పని కంటికి కనబడదు కాబట్టి దాన్ని ప్రభుత్వ లెక్కల పుస్తకాలు చాలాకాలం పట్టించుకోలేదు. నిలిచిన నీరు నెలల తరబడి అడుగున ఇంకుతుంది, కట్ట కింద మొరంలోకి జారుతుంది, దిగువ బావుల్లో ఊటగా లేస్తుంది. అందుకే ఊరి మంచినీళ్ల చేదబావి, మాగాణి బావులు చాలా ఊళ్లలో కట్ట కిందనే ఉంటాయి. చెరువు ఎండినా రెండు మూడు నెలలపాటు ఆ బావుల్లో నీళ్లుంటాయి. చెరువుకు బావి వడ్డీ లాంటిది. అసలు నిలిచినంతకాలమే వడ్డీ వస్తుంది.

ఈ ఏర్పాటుకు కాపలా మనిషి నీరడి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారించాలి, వానాకాలం కట్ట మీద ఎక్కడ బొరియ పడిందో చూసుకోవాలి. నీళ్లు తక్కువున్న ఏడు తూము కింది భూమిలో ఎంత మేర నాట్లు వేయాలో ఊరు ముందే తేల్చుకుంటే ఆ మాట అమలు చేయాల్సిందీ అతనే. కూలి కళ్లం దగ్గర ధాన్యంగా అందేది, కొన్నిచోట్ల ఇనాం భూమి ఉండేది. చెరువు తవ్వించినవారికీ మరమ్మతు చేయించినవారికీ ఆయకట్టులో కొంత మాన్యంగా ఇచ్చే దశబంధం పద్ధతి శాసనాల్లో కనిపిస్తుంది. పూడిక తీసిన ఒండ్రుమట్టి చేలకు ఎరువయ్యేది. ఎండిన శిఖంలో, అంటే చెరువు గర్భంలో, పశువులు మేసేవి.

అయితే ఈ ఏర్పాటును పొగిడి ఊరుకోవడం సత్యం కాదు. నీరడి పని చేసింది ఎక్కువగా దళితులే. వాళ్లు కాపాడిన నీళ్లు వాళ్లు తాగడానికి వీలుండేది కాదు. ఊరి చేదబావి దగ్గర వాళ్లకు చోటు ఉండేది కాదు. రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాల పేర్లు ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే ఆ వెలి ఎంత లోతుకు పాతుకుపోయి ఉందో తెలుస్తుంది. నిజాం పాలనలో దొరల గడీలకు నీళ్లు మోయడం కూడా వెట్టిలో భాగమే. 1946–51 మధ్య సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా గట్టి కేంద్రం కావడంలో భూమితో పాటు ఇలాంటి బాధలన్నీ ఉన్నాయి. అంటే పాత ఊరికి నీటి లెక్క తెలుసు గానీ ఆ లెక్కలో అందరూ సమానం కాదు. ఇవాళ పాతదాన్ని తిరిగి తెచ్చుకోవాలనేవాళ్లు ఈ రెండు మాటలూ కలిపే గుర్తుంచుకోవాలి.

చెరువుకు దూరంగా ఉన్న చెలకల్లో రైతు సొంతంగా బావి తవ్వుకునేవాడు. రాయి తగిలేదాకా తవ్వి, మోట కట్టేవాడు. తోలు తొండం బావిలోకి దిగడం, ఎడ్లు వాలులో నడవడం, నీళ్లు కాల్వలో పడటం తెల్లవారుజాము నుంచే మొదలయ్యేది. రోజంతా తోడినా తడిసేది ఎకరం లోపే. ఎడ్లకు అలుపు వచ్చేది, మనిషికి అలుపు వచ్చేది, బావి కూడా మధ్యాహ్నానికి అడుగంటి రాత్రికి మళ్లీ ఊరేది. తోడే శక్తికీ ఊరే శక్తికీ మధ్య సహజమైన సమతూకం ఒకటి ఉండేది. దాన్ని ఎవరూ చట్టం చేసి పెట్టలేదు.

ఆ సమతూకం మెల్లగా తప్పింది. ముందు ఆయిల్ ఇంజన్లు వచ్చాయి, ఆ వెనకే కరెంటు మోటార్లు. బావులను ఇంకా లోతు చేశారు, అడుగున అడ్డబోర్లు వేశారు. 1966–67లో బీహార్ కరవు తర్వాత యునిసెఫ్ సాయంతో గట్టి రాతిని గాలి ఒత్తిడితో తొలిచే రిగ్గులు దేశంలోకి వచ్చాయి. తాగునీటి చేతిపంపుల కోసం వచ్చిన ఆ యంత్రం కొన్నేళ్లలోనే సాగు బోర్లకు మళ్లింది. 1980ల మొదట్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మోటారు హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని కరెంటు బిల్లు నిర్ణయించారు. ఎంత తోడినా బిల్లు మారదు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు ఇచ్చే ఫైలు మీద వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం రోజే సంతకం చేశారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది రోజంతా ఉండే కరెంటు అయింది. రాష్ట్రం ఏర్పడినప్పుడు సుమారు 19 లక్షలున్న వ్యవసాయ కనెక్షన్లు పదేళ్లలోపే 27 లక్షలు దాటాయి. మెట్ట రైతు చేతికి నిజంగా అందిన మొదటి నీళ్లు ఈ బోర్లవే కాబట్టి ఆ సాయాన్ని తప్పుపట్టడం సులువు కాదు. కాల్వ కింది రైతుకు సర్కారు నీళ్లు దాదాపు ఉచితంగా ఇస్తూ, చెలక రైతును మాత్రం సొంత ఖర్చుతో బోరు వేసుకొమ్మన్న రాష్ట్రం కనీసం కరెంటైనా ఇవ్వాలని అడిగినవాళ్ల మాటలో న్యాయం ఉంది.

కానీ నేల మాత్రం తన లెక్క మార్చుకోలేదు. నీళ్ల పాయింట్ చూసేవాడు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా తిరుగుతాడు, రిగ్గు వస్తుంది, రాత్రంతా దుమ్ము లేస్తుంది, రెండించుల నీళ్లు పడితే పండుగ, పడకపోతే అప్పు. నల్లగొండ పక్కన ముషంపల్లిలో ఒక రైతు యాభైకి పైగా బోర్లు వేసి, ఆ బోర్లే ఇంటిపేరైపోయేంతగా నష్టపోయిన కథ 2000 దశకంలో పత్రికల్లో వచ్చింది. పక్కవాడు 300 అడుగులు దింపితే మనం 400 దింపాలి. మనది చూసి అతను మళ్లీ దింపుతాడు. మొరంలోని నీరు అయిపోయాక అందరూ తోడుతున్నది కింది పగుళ్లలోని ఒకే నీరు.

లోతుకు పోయేకొద్దీ మరో కష్టం ఎదురైంది. గ్రానైటు రాతితో ఎక్కువకాలం అంటి ఉన్న నీటిలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు పళ్లు గారపట్టిన, ఎముకలు వంకరపోయిన తరాలు దీనికి బలి అయ్యాయి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను పేరబెట్టి దించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని పిలిచే పేరు ‘నల్లగొండ టెక్నిక్’. జిల్లా పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది, నీరు మాత్రం ఊళ్లకు చేరలేదు.

ఆ కోపం 1996లో ఎవరూ ఊహించని దారిలో బయటపడింది. చివ్వెంలకు పొరుగునే ఉన్న మోతె మండలం రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జలసాధన సమితిని నడిపారు. ఆ ఏడు నల్లగొండ లోక్‌సభ స్థానానికి సమితి పిలుపుతో వందలమంది నామినేషన్లు వేశారు. చివరికి 480 మంది అభ్యర్థులు బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారు. గుక్కెడు మంచినీళ్ల కోసం ఓటరు తన పేరునే బ్యాలెట్ మీదికి ఎక్కించిన ఇలాంటి ఎన్నిక దేశ చరిత్రలో మరొకటి కనబడదు. దుశర్ల రాఘవాపురంలో తన 70 ఎకరాల్లో అడవిని పెంచి, అందులో కుంటలు తవ్వి వాన నీటిని అక్కడికక్కడే ఆపారు. బోర్ల పోటీ నడుస్తున్న నేలలోనే ఎదురుదారి ఒకటి అలా కంటికి కనబడుతోంది.

ఈలోగా కాల్వలు జిల్లాను రెండుగా చీల్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పచ్చబడ్డాయి. మిర్యాలగూడ రైస్ మిల్లుల పట్టణంగా ఎదిగింది. కాల్వ పారినంతకాలం అడుగున ఇంకే నీటితో అక్కడి బావులు కూడా నిండాయి. పైనున్న చివ్వెంల, సూర్యాపేట మెట్టల్లో చాలా భాగం ఆ కాల్వకు అందలేదు. 1963 నాటికి సోలిపేట దగ్గర మూసీ మీద ఆనకట్ట లేచింది గానీ దాని ఆయకట్టు ముప్పై వేల ఎకరాల పైచిలుకే. గోదావరి నీళ్లను ఇక్కడిదాకా తేవాల్సిన శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వలు దశాబ్దాలపాటు ఒట్టి మట్టి గుంతలుగానే ఉండిపోయాయి. 2019 తర్వాత వాటిలో నీళ్లు పారాయి, చెరువులు నిండాయి, కట్ట కింది బావుల్లో ఊట తిరిగి వచ్చింది. చివరి ఆయకట్టు ఎంత ఊగిసలాటలో ఉంటుందో 2024 వేసవి చూపించింది: పైనుంచి నీళ్లు రాక సూర్యాపేట జిల్లాలో యాసంగి వరి ఎండిపోయింది. అదే ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ వైపు కుండపోత కురిసి వాగులు ఊళ్లమీద పడ్డాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాల్వకే గండి పడింది. ఎండిన పొలమూ మునిగిన వీధీ ఆరు నెలల తేడాలో ఒకే జిల్లాలో కనిపించాయి. వానను ఆపి దాచుకునే చోట్లు తగ్గితే ఈ రెండూ కలిసే వస్తాయి.

తగ్గిన చోట్లు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. భానుపురి అని పాత పేరున్న సూర్యాపేట రహదారి మీద పెరిగిన ఊరు. 2011 లెక్కల్లోనే జనాభా లక్ష దాటింది. 2012లో హైదరాబాద్–విజయవాడ రహదారి నాలుగు వరుసలైంది, 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైంది. ఆఫీసులు, ఆసుపత్రులు, కాలేజీలు, హోటళ్లు, వెంచర్లు చివ్వెంల వైపు పాకాయి. నిన్నటి చెలక ఇవాళ 200 గజాల ప్లాట్లు. ప్లాటు కొన్నవాడు పునాదికంటే ముందు వేసేది బోరు. కుంట శిఖం ఎక్కడిదాకా ఉందో, వాన నీరు ఏ దారిన చెరువుకు పోతుందో లేఅవుట్ కాగితంలో కనిపించదు. ఒక్కో ఇంటికి ఒక్కో బోరు, వీధంతా సిమెంటు: తోడే నోళ్లు పెరిగాయి, ఇంకే నేల మూసుకుపోయింది.

తాగునీటికి పట్టణం దశాబ్దాలపాటు మూసీ జలాశయాన్ని నమ్ముకుంది. హైదరాబాద్ పెరిగేకొద్దీ ఆ నగరపు మురుగంతా మూసీలోనే దిగింది, ఆ నీళ్లే సూర్యాపేట కుళాయిల్లోకి వచ్చాయి. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాకే ఆ బాధ తీరింది. పై నగరం విడిచిన నీటిని కింది పట్టణం తాగాల్సి రావడం నీటి లెక్కలో అతి పెద్ద అన్యాయం. ఇప్పుడు కృష్ణా కుళాయి ఉంది కదా అని బోరును మరచిపోవడానికి లేదు. కుళాయి నీళ్లు తాగడానికి సరిపోతే ఇంటి కట్టుబడికీ హోటళ్లకీ ఆసుపత్రులకీ సర్వీసింగ్ షెడ్లకీ ఇంకా నేల నీరే దిక్కు.

ఇదే రాతి మీద కూర్చున్న బెంగళూరుకు ఏం జరిగిందో 2024 వేసవిలో అందరూ చూశారు. నగరంలోని సుమారు 13,900 సర్కారీ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయి. చెరువులను బస్టాండ్లుగా, కాలనీలుగా మార్చుకున్న నగరం ట్యాంకర్ల వెంట పరుగెత్తింది. అటు టోక్యో మరో పాఠం చెబుతుంది. ఫ్యాక్టరీలు నేల నీటిని తోడగా తోడగా ఆ నగరం తూర్పు భాగంలో కొన్నిచోట్ల నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. 1956 నుంచి చట్టాలతో నీరు తోడడాన్ని కట్టడి చేసి, ఫ్యాక్టరీలకు వేరే నీళ్లిచ్చారు. నీటిమట్టం ఎంతగా పైకి లేచిందంటే, ఉయెనో భూగర్భ రైల్వేస్టేషన్ నీటి ఒత్తిడికి తేలిపోకుండా ఇనుప దిమ్మెల బరువు పెట్టి, నేలకు లంగర్లు దింపాల్సి వచ్చింది. కట్టడి చేస్తే నీరు తిరిగి వస్తుందనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. వందల అడుగుల మట్టిపొరలున్న టోక్యోకు దశాబ్దాలు పట్టింది. నిల్వ చిన్నదైన మన మొరానికి రెండు మూడు మంచి వానాకాలాలు చాలు.

కట్టడికి మనకూ చట్టం ఉంది. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రతి బావీ బోరూ నమోదు కావాలి, కొత్త బోరుకు అనుమతి ఉండాలి, రిగ్గులకు రిజిస్ట్రేషన్ ఉండాలి, తాగునీటి బావికి దగ్గరలో మరొకటి వేయకూడదు, ఇళ్లకు ఇంకుడు గుంతలు తప్పనిసరి. కాగితం మీద ఇంత బలమైన చట్టం క్షేత్రంలో చాలావరకు నిద్రపోతోంది. రాత్రి పది గంటలకు రిగ్గు వస్తే తెల్లారేసరికి బోరు అయిపోతుంది. నమోదు పుస్తకం తెరిచేవాళ్లు ఉండరు. చట్టం పైనుంచి వచ్చింది, లెక్క మాత్రం కింద ఉన్నవాళ్లకు తెలియాలి.

ఆ లెక్కను ప్రజల చేతుల్లో పెట్టిన ప్రయోగం ఈ ఉమ్మడి నల్లగొండలోనూ జరిగింది. 2003 నుంచి 2010 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో రైతుల భూగర్భ జల నిర్వహణ పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పడింది. ఆరు వందల పైచిలుకు గ్రామాల్లో రైతులే, ఆడవాళ్లతో సహా, వర్షమాపకం చూసి వాన రాసుకున్నారు. బోర్లలో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నేలలోకి ఎంత దిగింది, ఎవరు ఏం వేస్తే ఎంత ఖర్చవుతుంది అని లెక్కేశారు. ఆ అంకెలు ఊళ్లో అందరికీ కనబడేలా బోర్డుల మీద రాశారు. ఎవరినీ బలవంతపెట్టలేదు, సబ్సిడీ ఆశ పెట్టలేదు. చాలా చోట్ల రైతులు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు.

ఆ లెక్క ఎంత సూటిగా ఉంటుందో ఒక్క ఉదాహరణ చాలు. ఎకరం మీద 800 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు 32 లక్షల లీటర్లు. పదకొండు వంతులు ఇంకితే మూడున్నర లక్షలు. యాసంగి వరి ఎకరానికి 1,200 మిల్లీమీటర్లు పెట్టుకున్నా 48 లక్షల లీటర్లు కావాలి. మడిలోంచి దాదాపు సగం తిరిగి ఇంకుతుందనుకున్నా, ఒక్క ఎకరం వరి ఏడెనిమిది ఎకరాల నేల ఏడాదంతా దాచిన నీటిని తాగేస్తుంది. చెరువు నిలిస్తే ఈ లెక్క మారుతుంది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత ఇందుకే అవసరమైంది. సూర్యాపేట సద్దుల చెరువు, పుల్లారెడ్డి చెరువు లాంటివి బతుకమ్మలకూ సాయంత్రం నడకకూ ఎంత ముఖ్యమో, చుట్టూ ఉన్న కాలనీల బోర్లకు అంతకంటే ముఖ్యం. కట్ట మీద దీపాలు పెట్టినంత శ్రద్ధ చెరువులోకి నీరు తెచ్చే కాల్వలను కాపాడటంలోనూ, మురుగును ఆపడంలోనూ ఉండాలి. మురుగు ఇంకితే కింది బోర్లలోకి చేరేది అదే.

పట్టణం లెక్క పల్లె లెక్కకన్నా ఆశాజనకం. 200 గజాల ప్లాటు మీద ఏడాదిలో పడే వాన సుమారు 1,33,000 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణంతో నలుగురున్న ఇంటికి ఎనిమిది నెలలు వస్తుంది. అందులో సగం గుంతలోకి దించినా బోరు రుణం చాలావరకు తీరుతుంది. అందుకు ఇంకుడు గుంత ఉందని ఫొటో తీసి ప్లాన్ మంజూరు చేస్తే చాలదు. రెండేళ్లకోసారి పూడిక తీసి, కంకర కడిగారా అని చూడాలి. 2003లో ఇంటింటా వాననీటి సేకరణను తప్పనిసరి చేసి బావులు నింపుకున్న చెన్నై, 2019లో మళ్లీ దాహంతో అల్లాడడంలో ఈ అశ్రద్ధకూ, నగరం అంచున మింగేసిన చిత్తడి నేలలకూ పెద్ద భాగమే ఉంది.

సూర్యాపేట ఇంకా బెంగళూరు కాలేదు. చివ్వెంల వైపు చెలకల్లో కుంటలు ఇంకా ఉన్నాయి, వాటి శిఖం హద్దులు రెవెన్యూ రికార్డుల్లో ఉన్నాయి. ముందుగా చేయాల్సింది ఆ హద్దులకు రాళ్లు పాతి, గొలుసుకట్టు కాల్వలను లేఅవుట్ పటంలో గీసి, అవి తేలకుండా ఏ వెంచరుకూ అనుమతి ఇవ్వకపోవడం. రెండోది వాల్టా నమోదును వార్డుకు దించడం: వార్డు ఆఫీసు గోడ మీద ఎన్ని బోర్లు, ఎంత లోతు, ఈ నెల నీటిమట్టం ఎంత అన్న మూడు అంకెలు రాయడం. భూగర్భ జల శాఖ నెలనెలా కొలుస్తూనే ఉంది. ఆ అంకె గోడదాకా రావాలి. మూడోది నీరడి. ఆ పని చేసినవాళ్లు కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు, 2023లో వాళ్లను నీటిపారుదల, మున్సిపల్, పంచాయతీరాజ్ లాంటి శాఖల్లోకి తీసుకున్నారు. పట్టణ చెరువులకు, వార్డు బోర్ల కొలతకు బాధ్యుడైన ఒక ఉద్యోగిని, ఈసారి కులం అంటని గౌరవంతోనూ నెల జీతంతోనూ నియమించే అధికారం మున్సిపాలిటీకి ఉండాలి. మొదటి ఏడాది పనిగా సద్దుల చెరువుకు పైనున్న కాల్వలనూ దాని కింది వీధుల బోర్లనూ లెక్కిస్తే, రెండో ఏడాదికి మిర్యాలగూడ, కోదాడ మున్సిపాలిటీలు వచ్చి చూసి నేర్చుకోవడానికి ఒక రిజిస్టరు సిద్ధంగా ఉంటుంది.